క్రొత్త రాట్నము – పాత వ్రణము

1921 సంవత్సరము మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో మన బెజవాడ నగరమున అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, దేశమున 20 లక్షల రాట్నములు తిరుగునట్లు చేయవలయునని తీర్మానించెను. ఈ సంగతి మన విద్యార్థులు చరిత్రపాఠమున చదివియే యున్నారు. ఆ సమయముననే గాంధీమహాత్మునకు పతాకపు నమూనాను సమర్పించిన పింగళి వెంకయ్యగారు మన భట్లపెనుమర్రు గ్రామమువారు. ప్రత్తిపైరుపై చేసిన పరిశోధనలవలన 'పత్తి వెంకయ్య' యని పేరువడసినవారు. నూలు వడకుట కృష్ణాతీరమునకు క్రొత్తవిద్య కాదని జ్ఞాపకము చేయుటకే ఈ మాట యెత్తితిమి. ఇప్పుడు మేము వ్రాయబోవునది వేఱొక రాట్నమును గూర్చి. దీనికి చక్రము లేదు, కదురు లేదు. ఇది విద్యుచ్ఛక్తిచే వడకును. ఇందు పుట్టిన పోగు విడిగా కంటికి కనబడదు. పోగులన్నియు ఒకదానిపై నొకటి పడి తెల్లని పలుచని పొరగా నేర్పడినపుడు మాత్రమే మనకు గోచరించును. ఆ పొరను గాయములపై కట్టుగా నుపయోగింపవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దానివలన మన డెల్టావారికి నిజముగా మేలు కలుగునా, కలుగవలెనన్న ఏమి చేయవలయును అను విషయమున మా యభిప్రాయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఈ విషయము మా మనస్సున నాటుకొనుటకు కారణమొక మనుష్యుడు. మా పూర్వవిద్యార్థి యొకని తండ్రి కైకలూరు ప్రాంతమున రొయ్యలచెరువుకడ కావలియుండెడివాడు. ఆయనకు మధుమేహము గలదు. ఆ సంగతి ఆయన యెఱుగును; ఎఱిగినంత మాత్రమున క్రమముగా మందు పుచ్చుకొనువారు మనలో నెందఱు? ఒకనాడు గట్టుమీద పడియున్న మేకు అరికాలిలో గ్రుచ్చుకొనెను. నొప్పి తెలియలేదు. సాయంకాలము ఇంటికి వచ్చి అరుగు నెక్కినపుడు నేలపై నెత్తుటిమరకలు చూచి ఆయన కుమార్తె కేక వేసెను. ఇంటివారు కాఫీపొడి అద్దిరి. మఱునాడు ఊరివైద్యుడు పొడిగుడ్డ కట్టెను. ప్రతిదినమును ఆ గుడ్డ పుండునకు అంటుకొనుటయు, దానిని లాగునపుడు క్రొత్తగా పుట్టిన లేతకండ దానితో ఊడివచ్చుటయు జరుగుచుండెను. తరువాత పట్టణమున ఒక ఆసుపత్రికి పోగా అచట విదేశపుకట్టు వేసిరి. ఒక్కొక్క రేకు వెల ఆయన రెండుదినముల కూలికి సమానము. కట్టు మంచిదే, దానిని నిందింపము. కాని ఆ కాలిమీద నడువవలదని ఆయనతో గట్టిగా చెప్పినవా రెవ్వరును లేరు. ఆయన ప్రతిరాత్రియు చెరువుచుట్టు తిరుగుచునే యుండెను. మూడవవారమున బొటనవ్రేలు నల్లబడెను. పిమ్మట మోకాలిక్రింది భాగము తీసివేయవలసివచ్చెను.

తప్పెవరిదని విచారించుట మా యుద్దేశము కాదు. మన దేశమున 10 కోట్లకు పైగా జనులు మధుమేహముగలవారని భారత వైద్యపరిశోధనా మండలివారి అధ్యయనము 2023లో ప్రకటించెను. అట్టివారిలో కాలిపుండ్లు మానకపోవుట సాధారణము. మన డెల్టాలోనో, జనులు పొలమునందును చెరువునందును వట్టికాళ్లతో బురదలో నడచువారు. 2024 సెప్టెంబరు మొదటి తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరము మొదలగు పేటలు నీట మునిగినపుడు, ప్రకాశము బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చినపుడు, జనులు దినములతరబడి మురికినీటిలో నడచిరి. దినమున కొకసారి మార్చవలసిన కట్టు గలవాడు అట్టితఱి నేమి చేయగలడు? కట్టు ఎట్టిదై యుండవలయునో చెప్పుటకు ఆ వారము చాలినంత పాఠము నేర్పినది.

గాయము నెండనిండు, గాలి తగులనిండు అని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాటను మా యింటిలోను వినియున్నాము. 1962 సంవత్సరమున లండనునందు జార్జి వింటరు అను శాస్త్రజ్ఞుడు పందిపిల్లల చర్మముపై చిన్నచిన్న గాయములు చేసి, కొన్నింటిని గాలికి విడిచి, కొన్నింటిని పలుచని పాలిథీను పొరతో కప్పెను. కప్పబడి తడిగా నున్నవి, ఆరి పెచ్చుకట్టిన వానికంటె రమారమి రెండింతల వేగముతో పైచర్మమును పొందెను. క్రొత్త చర్మకణములు తడినేలపై పాకగలవు. ఎండిన పెచ్చు క్రిందనో, త్రోవ వెదకుకొనుచు త్రవ్వుకొని పోవలసినవే. మన రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు: నారుమడిని ఎండబెట్టి నారు పెంచువాడెవడు? అట్లని నీరు నిలిచినను నారు కుళ్లును. గాయమునకును అంతే. చీము, రసి ఎక్కువగా నున్నపుడు దానిని పీల్చుకొనవలయును, తడి మాత్రము చావగూడదు. ఆసుపత్రులలో గాజు అని పిలుచు పలుచని నూలుగుడ్డ పీల్చును గాని అంటుకొనును. పాలిథీను అంటుకొనదు గాని పీల్చదు. ఈ రెండింటి నడుమ నుండు వస్తువుకొఱకే అరువదియేండ్లకు పైగా ప్రపంచమున వెదకులాట సాగుచున్నది. సుశ్రుతాచార్యుడు వ్రణచికిత్సకు 60 ఉపక్రమములను, 14 విధముల కట్లను చెప్పి, పట్టు, నార, ప్రత్తి, ఉన్ని మొదలగు వానిలో ఏ కట్టునకేది తగునో విచారించెను. కట్టు గుడ్డను ఎంచుట చిన్నపని కాదని ఆ కాలమువారికే తెలిసియుండెను.

ఇక రాట్నము సంగతి. మీటరును 100 కోట్ల భాగములు చేయగా అందొక భాగము నానోమీటరు. మన తలవెండ్రుక దళసరి సుమారు 80,000 నానోమీటర్లు. ప్రత్తిపోగు సుమారు 15,000. మేము చెప్పు నూలుపోగు 100 మొదలు 500 నానోమీటర్ల వఱకు నుండును. దీనిని వడకు విధమిట్టిది. పాలిమరు అనబడు పొడుగైన అణువులుగల పదార్థమును ద్రవమున కరిగించి చిక్కని పాకముగా చేయుదురు. ఆ పాకమును సూదిగల పిచికారిలో పోసి మెల్లగా త్రోయుదురు. సూదికి 10,000 మొదలు 30,000 వోల్టుల విద్యుత్పీడనము కలుగజేసి, ఎదురుగా జానెడుదూరమున ఒక లోహపురేకు నుంతురు. సూదిమొన నున్న బొట్టు గుండ్రముగా నుండక శంఖాకారముగా సాగును. 1964లో జి. ఐ. టెయిలరు అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు దీని లెక్క తేల్చినందున దీనికి టెయిలరు శంకువని పేరు. ఆ మొననుండి సన్నని ధార వెడలి, కొరడావలె గిరగిర తిరుగుచు సాగుచు, త్రోవలోనే ద్రవము ఆవిరికాగా, ఎండిన పోగై రేకుమీద పడును. పాకము పట్టి తీగసాగునపుడు మన పీచుమిఠాయివాడు చేయునది ఇంచుమించు ఇదియే. వాడు చక్రమును త్రిప్పి వెదజల్లును, ఇచట విద్యుత్తు లాగును. (మా విద్యార్థులలో నుత్సాహవంతులు కలరు గనుక చెప్పుచున్నాము: ఇండ్లలో వచ్చు విద్యుత్తు 230 వోల్టులు మాత్రమే, అదియే ప్రాణము తీయజాలును. ఈ ప్రయోగము నింటికడ తలపెట్టరాదు.)

ఇది నిన్నటి విద్య కాదు. 1902లోనే అమెరికాలో దీనికి పేటెంటు పొందిరి. 1934లో ఫార్మాల్సు అను నాతడు నూలుపోగులు వడకుటకు పేటెంటు పుచ్చుకొనెను. అటుపిమ్మట చిరకాలము మూలబడి, 1990 తరువాత అమెరికాలోని ఏక్రను విశ్వవిద్యాలయమున రెనెకరు మొదలగువారిచే మరల వెలుగులోనికి వచ్చెను. ఈ విద్యను లోకమున వ్యాపింపజేసినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన సీరం రామకృష్ణగారొకరు. ఆయన కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము పొంది, సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 2005లో సహచరులతో కూడి ఈ విషయముపై నొక ప్రవేశగ్రంథమును ప్రకటించిరి. భీమవరమున 1895లో జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పనిచేసి లోకమునకు మందు లిచ్చిరి. మనవారు పరదేశమున వెలుగుట సంతోషమే. ఆ వెలుగు మన చెరువుగట్టునకు ఎప్పుడు చేరునని యడుగుట మాత్రము మా హక్కు.

ఈ సన్నని నూలు గాయమునకేల తగునన్న ప్రశ్నకు ఉత్తరమొకటి మన శరీరముననే యున్నది. మన కణములు వట్టి ఖాళీలో నుండవు. కొల్లాజను మొదలగు సన్నని పోగుల పందిరిపై నుండును. గాయమనగా ఆ పందిరి కూలుట. నానోపోగుల పొర ఆ పందిరి కొలతకు దగ్గఱగా నుండుటచే తీగె ప్రాకినట్లు కణములు దానిపై ప్రాకగలవు. రంధ్రములు మిక్కిలి చిన్నవగుటచే గాలియు ఆవిరియు పోవును గాని సూక్ష్మక్రిములు చొచ్చుట కష్టము. మఱియు పోగులు సన్ననైన కొలదియు వాని ఉపరితలము పెరుగును; కావున రసిని చక్కగా పీల్చును, మందును పోగులలోనే కలిపి కొంచెము కొంచెముగా విడుచునట్లు చేయవచ్చును.

ఇప్పుడు మన డెల్టాకు వత్తము. ఈ నూలునకు పనికివచ్చు పదార్థములలో కైటోసాను ఒకటి. అది రొయ్యల పెంకునుండియు పీతల డిప్పనుండియు లభించును. (మన యింటి కూరలో వేయు రొయ్యపొట్టు వేఱు, మేము చెప్పునది పెద్దరొయ్య ఒలిచినపుడు పారవేయు తల, పెంకు.) 2009లో వెనామీ రొయ్య మన దేశమునకు వచ్చినపిమ్మట కృష్ణా, గోదావరి డెల్టాలలో చెరువులు విస్తరించి, రొయ్యలసాగున మన రాష్ట్రము దేశమునకెల్ల మొదటిదయ్యెను. రొయ్యబరువులో నూటికి రమారమి 40 పాళ్లు తల, పెంకులే. అవి కుళ్లినపుడు వచ్చు కంపు కర్మాగారముల చుట్టుప్రక్కల కాపురముండువా రెఱుగుదురు. ఆ పెంకును పలుచని ఆమ్లమున నానవేసినచో సున్నము పోవును, క్షారమున నుడికించినచో మాంసకృత్తు పోవును, మిగిలినది కైటిను. దానిని చిక్కని క్షారమున మరల కాచినచో కైటోసాను అగును. 1859లో రూజే అను ఫ్రెంచివాడు దీనిని కనుగొనెను. దీనికి ధనవిద్యుదావేశము గలదు. రక్తకణములకు, క్రిముల పైపొరకు ఋణావేశము గలదు. అందుచేత ఇది నెత్తురును గడ్డకట్టించును, క్రిములను కొంత నిరోధించును. కైటోసానుతో చేసిన రక్తస్తంభనపు కట్టునకు 2002లో అమెరికా ప్రభుత్వ మనుమతి నిచ్చెను. సైనికులు దానిని వాడిరి. మన దేశమునను అట్టి కట్లు తయారగుచున్నవి. కొచ్చిలోని కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థవారు పెంకునుండి కైటోసాను తీయు పద్ధతులను చాలకాలముగా బోధించుచున్నారు.

ఈ సంవత్సరము మా విద్యార్థులు రసాయనశాలలో నొక చిన్న పని చేసిరి. రొయ్యపెంకులను కడిగి వెనిగరులో వేసిరి. బుడగలు వచ్చెను, మఱునాటికి పెంకు మెత్తబడి కాగితమువలె వంగెను. సున్నము కరిగి పోయినదని వారు పుస్తకమున చదివిన సమీకరణము వారి వ్రేళ్లకు తెలిసెను. ఆ దినమున వారి ముఖములు చూచిన యుపాధ్యాయులు ఈ వ్యాసమునకు ప్రేరకులు.

అయినను పొగడ్తలతో నిలిచిపోవుట న్యాయము కాదు. ఈ కట్టును గూర్చిన వ్యాసములు ప్రపంచమున వేలకొలది వెలువడుచున్నవి. వానిలో అధికభాగము ఎలుకలపై చేసిన ప్రయోగములు. ఎలుకచర్మము వదులుగా నుండి, గాయపు అంచులు సంచిమూతి ముడిచినట్లు దగ్గఱకు లాగుకొని మానును. మనుష్యచర్మ మట్లు కాదు. మనకు క్రొత్తకండ పెరిగి, దానిపై చర్మము పాకవలయును. అదియుగాక ఆ యెలుక ఆరోగ్యవంతమైన పడుచు ఎలుక. మన రోగి యరువదియేండ్లవాడు, మధుమేహి, కాలికి నెత్తురు చాలనివాడు. కావున ఎలుకపై పది దినములలో మానెనను మాటను పత్రికలలో చూచి కాలిపుండు మానునని నమ్మరాదు. మనుష్యులపై సరిగా పోల్చిచూచిన పరీక్షలు కావలయును. అట్టి పరీక్షలకు మన ప్రాంతపు వైద్యశాలలే తగినచోటు. మంగళగిరిలో అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ యున్నది. విజయవాడలో 1986లో స్థాపింపబడిన ఆరోగ్య విశ్వవిద్యాలయ మున్నది. మిషను ఆసుపత్రులు తరతరములుగా పుండ్లు కడిగినవే. రోగు లిచటనే యున్నారు, పెంకు ఇచటనే యున్నది.

ఇంకొక చిక్కు గలదు. కైటోసాను ఒంటరిగా వడకుట కష్టము. ఆమ్లమున కరిగి ఆవేశము పొందుటచే ధార తెగి బొట్లు బొట్లుగా రాలును. అందుచే వేఱొక పాలిమరుతో కలుపుదురు. ఒక్క సూదితో గంటకు ఒక గ్రాము పొరయైనను పట్టుట దుర్లభము. చెక్‌దేశపు లిబెరెట్సునందు సూదులు లేని పెద్దయంత్రములు కనిపెట్టిరి గాని వాని వెల యెక్కువ. గాలిలో తేమ హెచ్చినచో పోగులు సరిగా ఆరక ఒకదానికొకటి అతుకుకొనును. ఆగస్టుమాసపు మచిలీపట్టణపు గాలిని తలచుకొనుడు! చలియు పొడియునైన దేశముల ప్రయోగశాలలో కుదిరిన కొలతలు ఇచట కుదురవు. తయారైన పొర తాటాకుటింటిలో అటకమీద నాఱుమాసములుండిన నేమగునని చూచినవా రెందఱు? ఇట్టి ప్రశ్నలను అడుగగలవాడు ఇచట పుట్టిపెరిగినవాడే.

అన్నింటికంటె ముఖ్యముగా మేము భయపడున దొకటి గలదు. పెంకునుండి కైటోసాను తీయుటకు ఆమ్లము, క్షారము, నీరు విస్తారముగా కావలయును. వాడిన నీటిని శుద్ధిచేయక మురుగుకాలువలలో విడిచినచో అది కొల్లేటికిని సముద్రపుపాయలకును చేరును. 1855లో ఆనకట్ట పూర్తియైననాటినుండి ఈ డెల్టా బ్రతుకు కాలువనీటిపై నాధారపడియున్నది. ఒకని కాలిపుండు మాన్పుటకు పదియూళ్ల త్రాగునీటికి పుండు చేయుట తగదు. పోగులు వడకుటకు వాడు ద్రావకములలోను కొన్ని విషములు. అవి పొరలో మిగులగూడదు. నీటితోడను, పలుచని వెనిగరు వంటి ఆమ్లముతోడను వడకు పద్ధతులకే మన పరిశోధకులు ప్రాధాన్య మియ్యవలయునని మా దృఢాభిప్రాయము. దానివలన పోగు కొంచెము దళసరియైనను విచారింపము.

ఇంతయు కుదిరి మంచికట్టు వచ్చినదనుకొందము. కావలికాని కాలు నిలుచునా? వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1946 మొదలుకొని పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండు కుష్ఠరోగుల కాళ్లను పరిశీలించి, కండ రోగముచేత కుళ్లుట లేదనియు, నొప్పి తెలియక అదేచోట మరల మరల త్రొక్కుటచే పుండు పడుచున్నదనియు లోకమునకు చూపెను. కాలికి సరిగా అమరిన ప్లాస్టరుపట్టీ వేసి బరువు పుండుమీద పడకుండ చేసినచో ఏండ్లనాటి పుండ్లును మానెను. తరువాత అమెరికాలో మధుమేహుల కాళ్లకును ఆ పద్ధతియే అనుసరింపబడెను. నొప్పి దేవుడిచ్చిన కావలివాడని ఆ వైద్యుని భావము. కావలివాడు లేని కాలికి ఎంత సన్ననినూలు కట్టినను, దానిపైనే నడచుచుండిన, అది త్రొక్కుడుగుడ్డ యగును. రక్తమున చక్కెర తగ్గింపక, కాలికి నెత్తురు అందుచున్నదా యని చూడక, చచ్చినకండను తొలగింపక వేసిన కట్టు పుండును కప్పిపుచ్చును గాని మాన్పదు.

అట్లయిన పరిశోధన వ్యర్థమా యని మా సహోపాధ్యాయుడొకరు అడిగిరి. కాదు. ఐదాఱు దినములు మార్చనక్కఱలేని కట్టు, లాగునపుడు కండను చీల్చని కట్టు, గ్రామపు నర్సు తానే వేయగలిగిన కట్టు వచ్చినచో, కట్టుమార్పించుకొనుటకు కూలి మాని బస్సెక్కువారి బాధ తగ్గును. అదియే గొప్పమేలు. మా వాదమంతయు, పరిశోధకుడు పోగు ఎంత సన్నగా వచ్చెనో కొలుచుటకు ముందు ఆ కావలివాని కాలిని చూడవలయుననుట. ఎన్ని దినములు నిలువవలయును, ఏ తేమను ఓర్వవలయును, ఎంత వెలకు దొరకవలయును అను లెక్కలు అచట మొదలుకావలయును. ఒక రేకు వెల ఒక పూటకూలిలో సగమునకు మించినచో దానిని పేదవాడు రెండుదినముల కట్టును పదిదినము లుంచుకొనును; అప్పుడు మందే విషమగును. కర్మాగారముల యజమానులు పెంకును ఊరక పారవేయుటకు బదులు సహకారసంఘముల ద్వారా ఎండబెట్టి అమ్మించినచో, 2025లో అమెరికావారు సుంకము పెంచినపుడు దిగాలుపడిన రైతునకును నాలుగు డబ్బులు కనబడవచ్చును.

తల్లిదండ్రులకు మా మనవి చిన్నది. ఇంట మధుమేహముగలవా రున్నచో, రాత్రి పండుకొనుటకు ముందు వారి అరికాళ్లను పిల్లలచేత చూపింపుడు. వృద్ధుల కండ్లకు తమ అరికాలు కనబడదు. పిల్లల కండ్లకు కనబడును. గాయముమీద కాఫీపొడి, సున్నము, పొగాకు అద్దకుడు. శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో కప్పి, వైద్యునికడకు పొండు. వైద్యుడు కట్టు వేసినపుడు, నడువవచ్చునా యని మీరే యడుగుడు. మా పాఠశాలలో పదవతరగతి విద్యార్థులు ఈ సంవత్సరము వారమున కొకసారి తమ యిండ్లలోని పెద్దల పాదములు చూచి చీటీలో వ్రాసి తెచ్చుచున్నారు. మొదటివారమున నవ్విరి. మూడవవారమున ఒక బాలిక తన తాతగారి మడమలో గ్రుచ్చుకొనియున్న ముల్లును కనిపెట్టెను. ఆయనకు తెలియనే తెలియదు.

మొన్న మేము ఆ కావలివానిని చూడబోయితిమి. ఇప్పు డాయన లాకులకడ చిన్నబడ్డీలో కూర్చుండి సోడాలు అమ్ముచున్నాడు. మా విద్యార్థులు వెనిగరులో మెత్తబడిన పెంకు నాయనకు చూపి, దీనితో కట్లు చేయుదురని చెప్పిరి. ఆయన దానిని వ్రేళ్లనడుమ వంచి చూచి, "అయ్యగారూ, దీన్ని మేము గోతులు తీసి పూడ్చేవాళ్లమండి" అని, దానిని పారవేయక బల్లమీది సీసాప్రక్కన పెట్టుకొనెను.